మూలలు లేని బంగారం

2008 నవంబరు 4, మంగళవారం

హైదరాబాదు నుంచి ఫొటోలు వచ్చాయి.

అన్నీ పలకలే. ఒక్కటి కూడా గుండ్రంగా లేదు. పెట్టెలో సబ్బుబిళ్లలు సర్దినట్టు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని నడుమ నల్లటి చుక్క, అది బంగారం. చుట్టూ లేతగా ఉన్నది వెండి. నాలుగు మూలలూ కత్తితో కోసినట్టున్నాయి. ఒక వెంట్రుక మందంలో వెయ్యి పైన పట్టే గింజలకి మూలలు!

సుభాషిణి మేడం కళ్లజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుని మళ్లీ చూశారు.

"సాగర్, ఇవి మనవేనా? కవర్లు మారిపోలేదు కదా?"

"మనవేనండీ. వెనకాల మీ పేరుంది చూడండి."

"బందరు లాబ్‌లో ఇవి పుట్టాయంటే ఎవరూ నమ్మరు మేడం," అంది నాతోపాటు ప్రాజెక్టులో పనిచేసే వర్షిణి. "ఆ బీకర్లో పడి చచ్చిన దోమ పుణ్యం అంటారు."

మేడం గట్టిగా నవ్వారు. నేను ప్రాజెక్టులో చేరాక ఆవిడ అలా నవ్వడం ఇదే చూడటం.

విజ్ఞానం ఏసీ గదుల్లోనే పుట్టాలని ఎవడు రాశాడు? రోజూ కరెంటు పోయే గదిలో, ఐసు కోసం సోడా కొట్టుకి పరిగెత్తే మనుషుల చేతుల్లో పుట్టింది. కంపెనీవాడు బంగారం ఉప్పు పంపలేదని ఆగిపోయామా? చిలకలపూడి వెళ్లి, రోల్డ్‌గోల్డు నగలు చేసే సీతారామయ్య గారి దగ్గర మేలిమి ముక్క తెచ్చి, ద్రవరాజం ఆసిడ్లో నేనే కరిగించాను. పది రూపాయల చిన్న పుస్తకాలు చదివి పెరిగినవాడి చేతులివి. ఈ పూట అన్నం తినబుద్ధి కాలేదు. ఆనందంతో ఆకలి చస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు.

నవంబరు 9, ఆదివారం

నాగాయలంకలో బస్సు దిగి మా పేటకి నడిచేసరికి ఆరాధన అయిపోతోంది. పాస్టరు గారిని అడిగి, అందరూ లేచేలోపు నిలబడి చెప్పాను. వాళ్లకి అర్థమయ్యేలా చెప్పలేని సైన్సు నాకెందుకు?

"ముందు నారు పోస్తాం. ఐసు నీళ్లల్లో బంగారాన్ని పిల్లగింజలుగా పుట్టిస్తాం. ఆ నారు తీసి వేరే నీళ్లల్లో నాటుతాం. అక్కడ ఇంకాస్త బంగారం తిని పెరుగుతుంది. దానిమీద వెండి తొడుగుతాం. ఎటు పెరగాలో మనం చెప్పాలి. చెప్పకపోతే ఉండలాగా అయిపోతుంది."

"చెబితే వింటదా?" అన్నాడు సీమోను తాత. "నా మనవడు ఇప్పటిదాకా విన్లేదు."

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు.

"వింది తాతా. పలకగా పెరిగింది. పలకకి మూలలుంటాయి. నీళ్లల్లో పురుగుమందు ఉంటే వచ్చి ఆ మూలల్నే పట్టుకుంటుంది. అప్పుడు మన నారింజరంగు చుక్క నీలం అయిపోతుంది. ఉండకి మూలలుండవు. దానికేదీ అంటదు, దాని ఎరుపు దేనికీ మారదు. అందుకే ఇన్నాళ్లు పట్టింది."

ముత్యాలమ్మ మామ్మ లేచింది. "నీలం అయితే మరి మేం తాగేదేంటి నాయనా?"

"ఆ నీళ్లు తీసుకెళ్లి కలెక్టరు గారి బల్ల మీద పోస్తాం మామ్మా."

"తుడిపిచ్చుకుంటాడులే."

మళ్లీ నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. నేను కృపావతి పిన్ని గురించే మాట్లాడుతున్నానని అమ్మకి తెలుసు. పోయిన వేసవిలో పిన్ని పోయినప్పుడు, చెరువు నీళ్ల వల్లేనని నేనరిస్తే, ఆస్పత్రిలో డాక్టరు తల కూడా ఎత్తకుండా "రుజువేది?" అన్నాడు. రుజువు తెస్తాను. వేసవికి కాలువ నీళ్లు చెరువుకి వదిలేలోపు చుక్క తెస్తానని అందరి ముందూ మాటిచ్చాను.

నవంబరు 28

డబ్బిచ్చే కమిటీ కబురు పంపింది. ఒకసారి వచ్చింది ఫలితం కాదట. మళ్లీ చేసి, ఫిబ్రవరి ఆఖరుకి కొత్త ఫొటోలు పంపాలట. లేకపోతే మార్చితో ప్రాజెక్టు ఆఖరు.

న్యాయమే. నేను కమిటీలో ఉన్నా అదే అడుగుతాను. ఒక్కసారి కనపడి మాయమైతే దాన్ని మహిమ అంటారు. మహిమలకి వ్యతిరేకంగా గోడల మీద రాసినవాణ్ని.

ఈసారి బంగారం కూడా పక్కాగా ఉండాలని మేడం బ్యాంకులో అమ్మే ఇరవైనాలుగు క్యారట్ల నాణెం తెచ్చారు. సీలు వేసిన కవరు. వర్షిణి దాన్ని దీపానికి ఎత్తి చూసి, "మెళ్లో వేసుకోవాల్సింది, ఆసిడ్లో వేస్తున్నాం" అంది.

డిసెంబరు 3

ఎర్రగా ఉండిపోయింది. నారింజ రావాలి. వెండి బంగారాన్ని పట్టుకోలేదు. ఉండలు.

డిసెంబరు 5

ఎరుపు.

డిసెంబరు 12

గాజు సామాను మొత్తం ద్రవరాజంతో కడిగాను. వేళ్ల చివర్లు పసుపుపచ్చగా మారి తోలు లేస్తోంది. నీళ్లని మళ్లీ మళ్లీ మరిగించి ఆవిరి పట్టి చల్లార్చాను. ఒక దుమ్ము కణం కూడా ఉండకూడదని గది తుడిచి కిటికీలు మూయించాను. ఉక్కపోతకి మేడం బయట వరండాలో కూర్చున్నారు.

ఎరుపు.

డిసెంబరు 13

ఎరుపు. ముందుకంటే ఎరుపు. ఎంత శుభ్రం చేస్తే అంత ఉండలవుతున్నాయి.

డిసెంబరు 19

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

ఐసు తెచ్చేది వర్షిణి. విటమిన్ సి పొడి తూచేది వర్షిణి. వర్షిణి వాళ్ల నాన్న బసవపున్నయ్య గారికి గుడివాడలో ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. మన చుక్క నీలం అయితే ఎవరి కొట్టు మూతపడుతుంది?

ఆ పిల్ల అలాంటిది కాదు. నాకు తెలుసు. కానీ మనిషి ఏ వర్గం అన్నం తింటాడో ఆ వర్గం మాటే మాట్లాడతాడని చదివాను. తెలిసి చెయ్యక్కర్లేదు. చెయ్యి దానంతటదే పని చేస్తుంది.

రేపటి నుంచి ఐసు నేనే తెస్తాను.

డిసెంబరు 22

ఐసు నేనే తెచ్చాను. తూకం నేనే వేశాను. ఎరుపు.

వర్షిణి స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"కామ్రేడ్ గారూ, ఒక మాటంటే కొట్టవు కదా?"

"అను."

"నవంబరు నుంచి ఏం మారింది? బంగారం ఒక్కటే మారింది. చిలకలపూడి ముక్కతో వచ్చింది, బ్యాంకు నాణెంతో రావట్లేదు. ఆ ముక్క అసలు మేలిమి కాదేమో. రాగి కలిసి ఉంటది. ఆ రాగే గింజకి ఒక పక్కన అడ్డంగా కూర్చుని, ఇటు పెరగొద్దు అటు పెరుగు అని చెప్పిందేమో."

"అంటే? మన పలకలు కల్తీ వల్ల వచ్చాయంటావు."

"కల్తీ అని నేనన్నానా?"

"మేలిమి కానిదాన్ని మీ కొట్లో ఏమంటారో నాకు తెలీదు. మా పేటలో కల్తీ అంటారు. కల్తీ విత్తనాలు కొని మునిగినవాళ్లు వాటినేమంటారో వెళ్లి అడుగు."

ఆమె మొహం ఎర్రబడింది. "మా కొట్టు మధ్యలోకి ఎందుకొచ్చింది?"

"ఎప్పుడూ మధ్యలోనే ఉంది."

మేడం వచ్చి "ఇద్దరూ బయటికి పొండి" అన్నారు. నేను వెళ్లాను. వర్షిణి వెళ్లలేదు, బీకర్లు కడుగుతూ ఉండిపోయింది.

నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు.

2009 జనవరి 2

వర్షిణి మేడంని ఒప్పించింది. పాత ద్రావణం, చిలకలపూడి బంగారం కరిగించినది, గోధుమరంగు సీసా అడుగున రెండు వేళ్ల ఎత్తుంది. దాన్ని హైదరాబాదు పంపి అందులో ఏమేం ఉన్నాయో లెక్క కట్టిస్తారట. పండగ సెలవులయ్యాక వర్షిణే తీసుకెళ్తుందట.

అంటే రేపు కాగితం మీద అచ్చవుతుంది: ఈ గింజలు పెరిగింది మురికి వల్ల. మాటిచ్చినవాడు ఎవడో వాడి సైన్సంతా మురికి.

ఆ ముక్క మేలిమే. సీతారామయ్య గారు "మేలిమే నాయనా" అనే ఇచ్చారు. తప్పు ఎక్కడో చేతిలో ఉంది. నిరూపిస్తాను.

జనవరి 6, మంగళవారం

ఇవాళ మంచి పని చేశాను.

మేడం విజయవాడ వెళ్లారు. వర్షిణి రాలేదు. పాత సీసా తీశాను. అందులో రాగి ఉందనేగా గొడవ? ఉన్నా లేకపోయినా తీసేస్తే పోతుంది. ఆ శుద్ధి చేసిన బంగారంతోనే పలకలు పెంచి చూపిస్తే, రాగి కథ అక్కడితో చస్తుంది.

అన్నభేది, అదే ఇనప ఉప్పు, కలిపిన నీళ్లు పోశాను. పసుపు రంగంతా విరిగి, బంగారం గోధుమరంగు పొడిగా అడుక్కి దిగింది. మట్టిలా ఉంది, ఎవరికి చూపించినా బంగారమని నమ్మరు. పైనున్న నీళ్లు వంచేసి కడిగాను, మళ్లీ కడిగాను, మళ్లీ. మొదటి కడుగునీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. అన్నభేది రంగే అది. సింకులో పోసి పంపు తిప్పాను.

తర్వాత ఆ పొడిని ద్రవరాజంలో కరిగించి అదే సీసాలో పోశాను. నిమ్మపండు పసుపు. పాత దాంట్లో కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉండేది, ఇప్పుడు అదీ లేదు. మచ్చలేని బంగారం. ఇంత శుభ్రమైన ద్రావణం ఈ జిల్లాలో ఎవరి దగ్గరా ఉండదు.

నారు పోసి ఉంచాను. రేపు నాటుతాను.

జనవరి 7

ఎరుపు.

జనవరి 8

మళ్లీ చేశాను. ఎరుపు.

జనవరి 9

లాబ్‌కి వెళ్లలేదు. మంగినపూడి వెళ్లాను. ఆటోలో పక్కనున్నాయన "స్నానానికా బాబూ?" అన్నాడు. అవునన్నాను. సముద్రంలోకి దిగలేదు.

జనవరి 10

ఆకుపచ్చ రంగు అన్నభేదిదే అయ్యుండాలి. అన్నభేది నీళ్లు ఆకుపచ్చగానే ఉంటాయి. అందరికీ తెలుసు.

కానీ చివరి కడుగుదాకా ఉంది.

జనవరి 19

పండగయ్యాక వర్షిణి హైదరాబాదు టిక్కెట్టు తీసుకునొచ్చింది. బీరువా తెరిచి సీసా తీసి, కిటికీ దగ్గరకెళ్లి వెలుతుర్లో చూసింది. ఆ రంగు చూడగానే అర్థమైపోయింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"కడిగేశావా?"

"శుద్ధి చేశాను."

"ఎక్కడ పోశావు?"

సింకు వైపు చూశాను. ఆమె కూడా చూసింది. టిక్కెట్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"బాగుంది సాగర్. నువ్వనుకున్నట్టే మా నాన్న కొట్టుకి ఇంకేం ఢోకా లేదు."

మేడంకి ఒక కాగితం రాసిచ్చి వెళ్లిపోయింది.

"ఆ పాత దాంట్లో రాగెంతో, ఇంకేమున్నాయో మనకిప్పుడు తెలీదన్నమాట" అన్నారు మేడం, తనలో తాను అనుకుంటున్నట్టు.

జనవరి 21

చిలకలపూడి. సీతారామయ్య గారి కొట్లో దీపం ముందు కూర్చుని గాజులకి మెరుగు పెడుతున్నారు.

"అక్టోబరులో నాకిచ్చిన ముక్క మేలిమేనాండీ?"

"మేలిమే నాయనా. మా పనికి మేలిమే."

"మీ పనికంటే?"

"రేకు తియ్యాలంటే కాస్త రాగి ఉండాలిగా. లేకపోతే మెత్తబడి చిరుగుద్ది. అది మేలిమి కాదంటే ఎట్టా?"

"ఎంత రాగి కలిపారండీ?"

ఆయన నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశారు. "అది ఒక్క నగదా ఏంటి? అరగదీసిన రజను, చెక్కిన తునకలు, పాత జూకాలు, ఎవరెవరివో తాళిబొట్లు, అన్నీ ఒక మూసలో పోసి కరిగించాం. ఎంతో ఏంటో ఎవడికి గుర్తు? మళ్లీ కావాలా? ఇప్పుడున్నది వేరే రకం."

ఆ వేరే రకమే తెచ్చాను.

జనవరి 30

సీతారామయ్య గారి కొత్త ముక్కతో చేస్తే నల్లబడి అడుక్కి దిగింది. ఉండలు కూడా కాదు, మడ్డి.

ఇప్పుడు బ్యాంకు బంగారంలో మైలుతుత్తం కలుపుతున్నాను. రాగి కావాలంటే రాగే ఇస్తున్నాను. చిటికెడు కలిపితే ఎరుపు. ఇంకాస్త కలిపితే ఊదా. ఇంకా కలిపితే మడ్డి. చిటికెడుకీ ఇంకాస్తకీ మధ్య ఎక్కడో ఒక వాకిలుంది. ఆ వాకిలి తాళంచెవి నా చేతుల్తో నేనే సింకులో వదిలాను.

లేదు. ఇలా రాస్తే ఓడిపోయినట్టవుతుంది. ఇది ప్రయోగం. ప్రయోగంలో ఓటమి ఉండదు.

ఫిబ్రవరి 4

మడ్డి.

ఫిబ్రవరి 6

ఊదా. ఒక్క క్షణం నారింజ కనపడిందనిపించింది. సాయంత్రం ఎండ బీకరు మీద పడింది, అంతే.

ఫిబ్రవరి 10, మంగళవారం

గుడివాడ వెళ్లాను. రాగితో గింజ ఎందుకు ఆగుతుందో నాకంటే ముందు ఊహించింది వర్షిణి. ఆమె తిరిగి వస్తే ఇద్దరం చెరో వైపు నుంచి వెతకొచ్చు. నా ఒక్కడి చేతులకి రోజులు చాలడం లేదు.

కొట్లో బసవపున్నయ్య గారున్నారు. నందివాడ రైతులకి బస్తాలు వేయించి పంపేసి, కళ్లజోడు మీంచి చూశారు.

"మా మందులు విషమని కాగితాలు పంచే కుర్రాడివి నువ్వేగా?"

"అవునండీ."

"కూర్చో మరి. విషం అమ్మేవాడి కుర్చీలో కూర్చుంటే అంటుకోదులే." కుర్రాణ్ని పిలిచి టీ చెప్పారు. "మా అమ్మాయి నీ గురించే చెప్పేది. వాడికి కోపం ఎక్కువ నాన్నా, కానీ వాడి చెయ్యి శుభ్రం అనేది."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఒక్క మాట అడుగుతాను బాబూ, కోప్పడకు. ఆ నీళ్లల్లో మందు కలిసిందని తేలితే, రైతు రేపటి నుంచి చల్లడం మానేస్తాడా?"

"తేలితేనేగా అడగగలం?"

"అదీ నిజమే," అన్నారాయన, చాలా మామూలుగా. లోపలికి కేకేశారు.

వర్షిణి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నేను క్షమాపణ అడగడానికి రాలేదు," అన్నాను. అదే నోట్లోంచి వచ్చింది.

"తెలుసు. రాగి ఎంత వేస్తే వస్తుందో అడగడానికొచ్చావు."

"నీకు తెలుసా?"

"తెలిస్తే చెప్పనా? సాగర్, రాగి ఒక్కటే అని కూడా నాకు తెలీదు. ఆ మూసలో ఎవరెవరి నగలో పడ్డాయి. టంకం ఉంటది, వెండి ఉంటది, ఇంకేముందో. అందుకే పంపిద్దామన్నాను. కడిగినవాడివి నువ్వు. అడిగితే ఆ సింకునడగాలి."

"తిరిగి రావా?"

"నీ పక్కన నిలబడాలంటే నేనెవరి కూతుర్నో రోజూ గుర్తుంచుకోవాలి. అంత ఓపిక లేదు."

బస్సులో కూర్చున్నాక క్షమాపణ మాటలు వరసగా వచ్చాయి. పామర్రు దాటేదాకా వస్తూనే ఉన్నాయి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

రేపు గడువు. మేడం బల్ల సొరుగు తెరిచి పాత కవరు తీశారు.

"ఇందులో మనం పంపని ఫొటోలు రెండున్నాయి. అవే పలకలు, వేరే మూల నుంచి తీసినవి. ఇవే కొత్త బ్యాచీ అని పంపితే ఎవరూ గుర్తుపట్టరు. పంపమంటావా?"

లేచి నిలబడ్డాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. ప్రజల నీళ్ల మీద అబద్ధం ఆడటం వాళ్లకి విషం పొయ్యడంకంటే నీచమన్నాను. మీలాంటివాళ్ల వల్లే మా పేటలో జనం డాక్టర్ని నమ్మరు, పాస్టర్ని నమ్ముతారన్నాను. వరండాలోంచి ఎవరో తొంగిచూశారు.

మేడం అంతా విని కవరు చించి చెత్తబుట్టలో వేశారు.

"నువ్వు వద్దంటావని తెలిసే అడిగాను సాగర్. నా నోరు పంపేద్దాం అంటోంది. ఒకళ్లయినా గట్టిగా వద్దనాలి కదా."

ఆవిడ ఏడుస్తున్నారేమో అనిపించింది. నేను చూడలేదు. గెలిచినవాడిలా బయటికొచ్చాను.

మార్చి 31

గది తాళం ఆఫీసులో ఇచ్చేశాం. సామాను బాటనీ వాళ్లు తీసుకుంటారట. మేడం తన డబ్బా తానే మోసుకుని ఆటో ఎక్కారు. "ఎక్కడికెళ్తావు?" అన్నారు. "ఇంటికండీ." "మంచిది. మీవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకు చెప్పినట్టే, గట్టిగా."

"చెప్తానండీ."

ఆఖరి బ్యాచీ చిన్న సీసాలో పోసుకున్నాను. ఎర్రటి ఉండలు. దేనికీ పనికిరావు.

ఏప్రిల్ 5, మట్టల ఆదివారం

పొద్దున్నే పిల్లలు ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ పేటంతా తిరిగారు. వెనకాలే ఓట్ల ఆటో, దాని మైకు పాటని మింగేసింది. చెరువు నిండుగా ఉంది. పోయిన వారమే కాలువ నుంచి నీళ్లు వదిలారట.

నేను వస్తున్నానని తెలిసి అమ్మ అందరికీ చెప్పేసింది. ఆరాధన అయ్యేసరికి గుడి ముందు బెంచీ మీద సీసాలున్నాయి. కూల్‌డ్రింకు సీసాల్లో చెరువు నీళ్లు, లాకుల దగ్గర నీళ్లు, బోరింగు నీళ్లు. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే వెళ్లాను. నా దగ్గర పద్ధతి ఉంది: ముందు చూపించాలి, తర్వాత చెప్పాలి. సీమోను తాత పురుగుమందు కొట్టే పంపు కడిగిన మందునీళ్లు ఒక సీసా అడిగి తెచ్చి నా సంచిలో పెట్టుకున్నాను. ముందు ఎర్రచుక్క చెరువు నీళ్లల్లో వేస్తాను, మారదు. తర్వాత మందునీళ్లల్లో వేస్తాను, అప్పుడూ మారదు. అప్పుడు చెప్తాను: చూశారా, ఇది గుడ్డిది, నేను ఓడిపోయాను.

చెరువు నీళ్ల సీసాలో చుక్క వేశాను. అందరూ సీసా మీదికి వంగారు. పలచగా, లేత ఎరుపుగా పరుచుకుంది. అలాగే ఉంది.

సంచిలోకి చెయ్యి పెట్టాను.

"మార్లేదు!" అని సీమోను తాత అరిచాడు. "మార్లేదురోయ్! మన నీళ్లు మంచియ్యే!"

చప్పట్లు. ఎవరో స్తోత్రం అన్నారు. పిల్లలు మట్టలూపారు. "ఉండండి, ఇంకా ఉంది, వినండి" అన్నాను. ఎవరికీ వినపడలేదు.

అప్పుడు అమ్మ నేల మీద కూర్చుండిపోయింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పిన్ని పోయినప్పుడు కూడా అమ్మ ఇలా ఏడవలేదు. పక్కన కూర్చున్నాను.

"నేను తెచ్చిన నీళ్లేరా అది తాగింది," అంది. "నెల రోజులూ మంచం మీద ఉంటే నేనేగా ఆ చెరువు నుంచి మోసి తాపింది. నువ్వు నీళ్ల వల్లే అన్నప్పట్నుంచి బిందె ముట్టుకుంటే చెయ్యి వణికేది. నా చెల్లెల్ని నేనే చంపుకున్నాననుకున్నా సాగరూ. నీళ్లు కాదుగా? చెప్పు. నువ్వు చదువుకున్నోడివి. నీళ్లు కాదుగా?"

సంచిలో మందునీళ్ల సీసా చేతికి తగులుతూనే ఉంది.

"కాదమ్మా," అన్నాను.

ఏప్రిల్ 6

ఇవాళ చెప్పాలి. అమ్మని విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. నీళ్లు మంచివని నేను రుజువు చెయ్యలేదు, చెడ్డవనీ చెయ్యలేదు, అసలు నా చుక్కకి ఏదీ తెలీదని. అమ్మ పొద్దుటి నుంచీ పాడుకుంటూ ఇల్లు అలుకుతోంది.

రేపు.

ఏప్రిల్ 7

ఏటి అవతలి నుంచి పడవలో మనుషులొచ్చారు. నాలుగు సీసాలు తెచ్చారు. కబురు అంతదాకా వెళ్లింది. సీమోను తాత నా తరఫున అన్నీ ఆయనే చెబుతున్నాడు, నారు, నాటు, నీలం, అన్నీ. ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్పాడు.

"నువ్వెయ్యి బాబూ," అన్నారు.

వేశాను. ఎరుపు. ఎరుపు. ఎరుపు. ఎరుపు.

ఒకాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ముత్యాలమ్మ మామ్మ తన బిందె తెచ్చి "నా దాంట్లో కూడా ఒక చుక్క పొయ్యి నాయనా, మంచిదవుద్ది" అంది.

"అది మందు కాదు మామ్మా! తాగితే చస్తావు!" అని అరిచాను.

అందరూ నా వైపే తిరిగారు. చెప్పాల్సింది అప్పుడే. మామ్మ నవ్వేసింది. "చిన్నప్పట్నుంచీ అంతే వీడు, కోపం ముక్కు మీద ఉంటది. కానీ పేటంటే పేణం."

పడవ వెళ్లిపోయింది.

ఏప్రిల్ 9

అమ్మ చెరువు నుంచి బిందె ఎత్తుకొచ్చి అరుగు మీద దించింది. చెయ్యి వణకలేదు. ఒక గ్లాసు ముంచి నాకిచ్చింది.

తాగాను. ఇంకోటి ఇమ్మన్నాను.